‘పీర్ రివ్యూ అయింది’ అంటే ఏం జరిగినట్టు?

కొత్త పరిశోధన ఏదైనా వార్తల్లోకి వచ్చినప్పుడు దాని వెనకే రెండు మాటల్లో ఏదో ఒకటి వస్తుంది. ‘ప్రముఖ జర్నల్‌లో ప్రచురితమైంది’ అన్నది ఒకటి, ‘ఇంకా పీర్ రివ్యూ కాలేదు’ అన్నది ఇంకొకటి. మొదటిది వినగానే చాలామంది ఇక రుజువైపోయిందనుకుంటారు. రెండోది వినగానే నమ్మాల్సిన పని లేదనుకుంటారు. రెండూ తొందరపాటే. ఒక పేపర్ రచయితల చేతి నుంచి బయలుదేరి జర్నల్‌లో అచ్చయ్యేదాకా దాన్ని ఎవరెవరు చదువుతారు, చదివేటప్పుడు వాళ్ల ముందు ఏముంటుంది, ఏముండదు అన్నది తెలిస్తే ఈ రెండు మాటల బరువెంతో తెలుస్తుంది.

## ఎడిటర్, రివ్యూయర్, పబ్లిషర్: ఎవరి పని ఏమిటి

అకడమిక్ జర్నల్ అంటే ఒక రంగంలోని పరిశోధకులు తాము కనుక్కున్నది అదే రంగంలోని మిగతావాళ్లకు చెప్పుకునే పత్రిక. అందులో వచ్చే వ్యాసాన్ని వాడుకలో పేపర్ అంటారు. దీనికి పారితోషికం ఉండదు. చాలా జర్నళ్లలో రాసినవాళ్లే ఎదురు డబ్బు కట్టాలి. ఆ సంగతి తర్వాత చూద్దాం.

ఎడిటర్ సాధారణంగా ఆ రంగంలో అనుభవమున్న పరిశోధకులే అయి ఉంటారు. తమ ఉద్యోగం తాము చేసుకుంటూ ఈ బాధ్యత కూడా చూస్తారు. కొన్ని పెద్ద జర్నళ్లలో మాత్రం జీతం మీద పూర్తికాలం పనిచేసే ఎడిటర్లు ఉంటారు. రివ్యూయర్ అంటే ఆ పేపర్‌తో సంబంధం లేకుండా, అదే విషయం మీద పనిచేస్తున్న మరో పరిశోధకుడు లేదా పరిశోధకురాలు. ‘పీర్’ అంటే సాటివారు అని అర్థం. సాటివాళ్లు చదివి అభిప్రాయం చెప్పడమే పీర్ రివ్యూ. ఈ పనికి దాదాపు ఎక్కడా డబ్బు ఇవ్వరు. పబ్లిషర్ అంటే జర్నల్‌ను నడిపే సంస్థ. సైటూ, అచ్చూ, చందాలూ వాళ్లవి. ఏ పేపర్ వేయాలో తేల్చాల్సింది మాత్రం ఎడిటర్.

బయటివాళ్లకు అంతగా తెలియని విషయం ఒకటుంది. పేపర్ వేయాలా వద్దా అని రివ్యూయర్లు ఓటు వేయరు. వాళ్లు ఎడిటర్‌కు సలహా ఇస్తారు, అంతే. ముగ్గురిలో ఇద్దరు బాగుందన్నా, మూడోవారు చూపించిన లోపం గట్టిదైతే ఎడిటర్ ఆ పేపర్‌ను తిప్పి పంపేయవచ్చు.

## రివ్యూయర్ దాకా వెళ్లకుండానే ఆగిపోయేవి

పేపర్ అందగానే ముందు ఆఫీసు పరీక్షలు జరుగుతాయి. వేరేచోట నుంచి ఎత్తి రాసిన భాగాలున్నాయేమో సాఫ్ట్‌వేర్‌తో చూస్తారు. మనుషుల మీదో జంతువుల మీదో చేసిన ప్రయోగమైతే నైతిక కమిటీ అనుమతి ఉందా, రచయితలకు ఏదైనా కంపెనీ నుంచి డబ్బు అందిందా, అందితే ఆ మాట రాశారా అని చూస్తారు.

ఆ తర్వాత ఎడిటర్ చదువుతారు. ఇక్కడే తిప్పి పంపేస్తే దాన్ని డెస్క్ రిజెక్షన్ అంటారు. ‘నేచర్’ లాంటి పెద్ద జర్నళ్లకు వచ్చే పేపర్లలో ఎక్కువ భాగం ఇక్కడే ఆగిపోతాయి. అంతమాత్రాన వాటిలో తప్పుందని అర్థం కాదు. విషయం ఆ జర్నల్ పరిధిలోకి రాకపోవచ్చు, వాళ్ల పాఠకులకు పెద్దగా పనికిరాదని ఎడిటర్‌కు అనిపించవచ్చు. కణాలు శక్తిని ఎలా తయారు చేసుకుంటాయో చెప్పిన హాన్స్ క్రెబ్స్ వివరణను 1937లో ‘నేచర్’ తీసుకోలేదు. అది వేరే జర్నల్‌లో వచ్చింది. ఆ పనికే ఆయనకు 1953లో నోబెల్ బహుమతి దక్కింది.

ఈ గడప దాటాక ఎడిటర్ రివ్యూయర్లను వెతకాలి. నెలల ఆలస్యం జరిగేది ఎక్కువగా ఇక్కడే. అడిగినవాళ్లలో కొందరు తీరిక లేదంటారు, కొందరు జవాబే ఇవ్వరు. రచయిత రోజూ లాగిన్ అయి ‘రివ్యూలో ఉంది’ అన్న మాట చూసుకుంటూ టెన్షన్ పడుతుంటే, అసలు చదివే మనిషి ఇంకా దొరకనే లేదన్న సందర్భాలు చాలా ఉంటాయి.

## ఒక పేపర్‌ను దగ్గరగా చూద్దాం

రివ్యూ ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఒక ఊహా ఉదాహరణ తీసుకోవడం మేలు. 40 మంది విద్యార్థులున్నారు. 20 మందిని మధ్యాహ్నం 20 నిమిషాలు నిద్రపోనిచ్చారు. మిగతా 20 మందికి ఆ సమయంలో ఫోన్ చూసుకోమన్నారు. ఆ తర్వాత జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టారు. నిద్రపోయినవాళ్లు ఎక్కువ పదాలు గుర్తుపెట్టుకున్నారు. ‘పగటి కునుకుతో జ్ఞాపకశక్తి పెరుగుతుంది’ అన్న శీర్షికతో పేపర్ పంపారు.

మొదటి రివ్యూయర్ ఇలా రాశారనుకుందాం: ‘రెండో బృందం ఆ 20 నిమిషాలూ ఫోన్ చూసింది. కునుకు మేలు చేసిందా, ఫోన్ చెడ్డ చేసిందా అన్నది ఈ ప్రయోగంతో తేలదు. ఊరికే కూర్చున్న మూడో బృందం ఉండాల్సింది.’

రెండో రివ్యూయర్ ఇంకా లోతుకు వెళ్లారు: ‘పద్ధతుల భాగంలో ఆరు రకాల పరీక్షలు పెట్టామని రాశారు. ఫలితాల్లో ఒక్కటే కనిపిస్తోంది. మిగతా ఐదూ ఏమయ్యాయి?’

ఈ ఒక్క ప్రశ్న బరువు తెలియాలంటే చిన్న లెక్క వేయాలి. కునుకు వల్ల నిజానికి ఏ తేడా లేదనే అనుకుందాం. అయినా ఒక పరీక్షలో కాకతాళీయంగా తేడా ఉన్నట్టు కనిపించే అవకాశం, మామూలుగా పాటించే గీటురాయి ప్రకారం, నూటికి 5. అంటే తేడా కనిపించకుండా పోయే అవకాశం 0.95. ఆరు పరీక్షలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, ఆరింటిలోనూ ఏమీ కనిపించకుండా ఉండే అవకాశం 0.95ను ఆరుసార్లు గుణిస్తే వస్తుంది. అది సుమారు 0.74. మిగిలింది 0.26. కునుకులో ఏ మహిమా లేకపోయినా, ఆరింటిలో కనీసం ఒకచోట ‘ఫలితం’ కనిపించే అవకాశం నూటికి 26 అన్నమాట. ఆ ఒక్కదాన్ని పైకి తీసి శీర్షికగా పెట్టేస్తే చదివేవాళ్లకు అది నిజమైన ఫలితంలాగే కనిపిస్తుంది.

ఎడిటర్ ఈ రెండు నివేదికలూ చదివి ‘మేజర్ రివిజన్’ అని పంపుతారు. సరిచేసి తెస్తే మళ్లీ చూస్తాం అని దాని అర్థం. చిన్న చిన్న మార్పులే కావాలంటే ‘మైనర్ రివిజన్’ అంటారు. మొదటి విడతలోనే ఏ మార్పూ లేకుండా ఒప్పుకోవడం చాలా అరుదు. కాబట్టి మేజర్ రివిజన్ వస్తే అది దిగులు పడాల్సిన వార్త కాదు, తలుపు ఇంకా తెరిచే ఉన్నట్టు.

రచయితలు ప్రతి ప్రశ్నకూ వరసగా జవాబు రాసి, మార్చిన పేపర్‌తో పాటు పంపాలి. మన ఉదాహరణలో వాళ్లు ఆరు పరీక్షల ఫలితాలూ పట్టికలో పెట్టారు. ఐదింటిలో తేడా లేదు. మూడో బృందంతో మళ్లీ ప్రయోగం చేసే వీలు లేదు కాబట్టి ఆ లోపాన్ని పరిమితుల భాగంలో ఒప్పుకున్నారు. శీర్షిక ‘పగటి కునుకు, పదాల జ్ఞాపకం: ఒక ప్రాథమిక పరిశీలన’గా మారింది.

పీర్ రివ్యూ చేసే పనుల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే. ఉన్న ఆధారం ఎంతో, చెప్పే మాటను అంతకు కుదిస్తుంది. అచ్చయిన పేపర్‌లో ‘బహుశా’, ‘ఈ పరిమితికి లోబడి’ లాంటి మాటలు కనిపిస్తే, వాటిలో కొన్నింటి వెనక ఎవరో పేరు తెలియని మనిషి రాసిన ఇలాంటి ప్రశ్నే ఉంటుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాలి. రెండో రివ్యూయర్ ఆ లోపం పట్టుకోగలిగారంటే, ఆరు పరీక్షలు పెట్టామని రచయితలే నిజాయితీగా రాశారు కాబట్టి. ఆ వాక్యమే లేకపోతే ఎంత నిపుణుడైనా పట్టుకోలేడు. రివ్యూయర్ ప్రయోగశాలకు వెళ్లి చూడరు, ప్రయోగాన్ని మళ్లీ చేయరు. రచయితలు రాసి ఇచ్చినదాన్నే చదువుతారు.

## రివ్యూయర్ కంటికి ఆననివి

2020 మే 22న ‘ది లాన్సెట్’ అనే వైద్య జర్నల్‌లో ఒక పేపర్ వచ్చింది. 671 ఆసుపత్రుల్లోని 96,000 మంది కోవిడ్ రోగుల వివరాలు చూశామనీ, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు వాడినవాళ్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయనీ దాని సారాంశం. మూడు రోజులకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందుపై తాను నడుపుతున్న ప్రయోగాన్ని తాత్కాలికంగా ఆపింది. ఆ అంకెలు పొసగడం లేదని చాలామంది పరిశోధకులు ప్రశ్నించారు. డేటా అంతా సర్జిస్ఫియర్ అనే ఒక్క కంపెనీ దగ్గరే ఉంది. బయటివాళ్ల తనిఖీకి పూర్తి డేటా ఇవ్వడానికి ఆ కంపెనీ ఒప్పుకోలేదు. జూన్ 4న పేపర్‌ను ఉపసంహరించారు. దానికి పీర్ రివ్యూ జరిగింది. రివ్యూయర్ల ముందు ఉన్నవి పట్టికలు, వాటి వెనకున్న రోగుల రికార్డులు కావు.

కళ్లెదుట ఉన్న లోపాల మాటేమిటి? ‘బీఎంజే’ అనే వైద్య జర్నల్ బృందం 1998లో వెలువరించిన ఒక అధ్యయనంలో ఒక పేపర్‌లో కావాలనే 8 లోపాలు చొప్పించి 420 మందికి పంపారు. 221 మంది జవాబిచ్చారు. సగటున ఒక్కొక్కరు పట్టుకున్నవి రెండు. ఐదుకు మించి ఎవరూ పట్టుకోలేదు.

ఇద్దరు రివ్యూయర్లు ఒకే మాట చెబుతారన్న భరోసా కూడా తక్కువే. కంప్యూటర్ సైన్స్‌లో పేపర్ల ఎంపిక పెద్ద సమావేశాల ద్వారా జరుగుతుంది. వాటిలో ఒకటైన ‘న్యూరిప్స్’ 2014లో ఒక సాహసం చేసింది. 166 పేపర్లను ఒకరికొకరు తెలియని రెండు కమిటీలకు విడివిడిగా ఇచ్చింది. ఒక కమిటీ ఎంచుకున్న పేపర్లలో సగానికి పైగా రెండో కమిటీ చేతిలో తిరస్కారానికి గురయ్యాయి. మరీ బాగున్నవీ, మరీ బాగాలేనివీ తేల్చడంలో పెద్దగా గొడవ ఉండదు. మధ్యలో ఉన్న పేపర్ల తలరాత ఎవరి చేతిలో పడ్డాయన్నదాని మీద చాలావరకు ఆధారపడుతుంది. రిజెక్ట్ అయిన పేపర్‌ను పట్టుకుని బాధపడే కొత్త పరిశోధకులకు ఈ సంగతి ఎవరైనా ముందే చెబితే బాగుంటుందని నాకెప్పుడూ అనిపిస్తుంది.

## పేర్లు దాచాలా, చెప్పాలా

రచయితలెవరో రివ్యూయర్‌కు తెలిసి, రివ్యూయరెవరో రచయితలకు తెలియకపోతే అది సింగిల్ బ్లైండ్. ఇద్దరి పేర్లూ దాస్తే డబుల్ బ్లైండ్. ఓపెన్ రివ్యూలో పేర్లు బయట ఉంటాయి, లేదా నివేదికలు అందరికీ కనిపిస్తాయి, ఒక్కోచోట రెండూ.

రివ్యూయర్ పేరు దాచాలనేవాళ్ల వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ఇప్పుడే ఈ రంగంలోకి వచ్చిన ఒక పరిశోధకురాలు పెద్ద ప్రొఫెసర్ పేపర్‌లో తప్పు చూపించాల్సి వచ్చిందనుకోండి. రేపు ఆమె ఉద్యోగ ఇంటర్వ్యూ కమిటీలో ఆ ప్రొఫెసరే ఉండొచ్చు. పేరు బయటపడుతుందంటే నోరు కట్టేసుకుంటుంది. పేరు చెప్పాలనేవాళ్ల మాటలోనూ అంతే నిజముంది. చాటున ఉన్నామన్న ధైర్యంతో కొందరు నిష్కారణంగా కటువుగా రాస్తారు, పోటీదారు పేపర్‌ను కావాలని నానబెడతారు, తమ పేపర్లను ఉటంకించమని ఒత్తిడి పెడతారు. డబుల్ బ్లైండ్ అందంగా కనిపిస్తుంది కానీ చిన్న రంగాల్లో రాసిన తీరు, వాడిన పరికరం చూస్తేనే ఇది ఎవరి పనో తెలిసిపోతుంది.

మధ్యే మార్గం ఒకటి ఇప్పుడు బలపడుతోంది: పేరు కావాలంటే దాచుకోండి, నివేదిక మాత్రం పేపర్‌తో పాటు ప్రచురిస్తాం అనేది. 2025 జూన్ నుంచి ‘నేచర్’కు కొత్తగా వచ్చి అచ్చయ్యే పరిశోధన పేపర్లకు ఇదే పద్ధతి. వాళ్లేం అడిగారు, వీళ్లేం చెప్పారు అన్నది ఎవరైనా చదువుకోవచ్చు.

## ఇది మొదటి నుంచీ ఇలాగే లేదు

శాస్త్ర పత్రికల్లో తొలితరానికి చెందిన ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ను 1665లో లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ మొదలుపెట్టారు. ఏది వేయాలో చాలావరకు ఆయనే తేల్చేవారు. రాతపూర్వక నివేదికలు తెప్పించుకోవడం, తర్వాత ఆ పత్రికను నడిపిన శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీలో 1830లలో మొదలైంది. ‘నేచర్’లో ప్రతి పేపర్‌నూ బయటి నిపుణులకు పంపడం నియమంగా మారింది 1973లోనే. డీఎన్ఏ నిర్మాణం గురించి వాట్సన్, క్రిక్ 1953లో అదే జర్నల్‌లో ప్రచురించిన పేపర్‌కు పీర్ రివ్యూ జరగలేదు.

1936లో ఐన్‌స్టీన్, నాథన్ రోజెన్ కలిసి ‘ఫిజికల్ రివ్యూ’కు ఒక పేపర్ పంపారు. గురుత్వ తరంగాలు ఉండవని వాళ్ల వాదన. ఎడిటర్ జాన్ టేట్ దాన్ని ఒక నిపుణుడికి పంపితే, ఆయన లోపాలు చూపిస్తూ పది పేజీల నివేదిక రాశారు. ఐన్‌స్టీన్‌కు కోపం వచ్చింది. అచ్చు కాకముందే వేరేవాళ్లకు చూపించమని మేం చెప్పలేదే అంటూ పేపర్‌ను వెనక్కి తీసుకున్నారు. ఆ రివ్యూయర్ హోవర్డ్ రాబర్ట్‌సన్ అని 2005లో బయటపడింది. ఆయన తర్వాత ఐన్‌స్టీన్ సహాయకుడితో స్నేహంగా మాట్లాడుతూ, రివ్యూ చేసింది తానేనని చెప్పకుండా, తప్పు ఎక్కడుందో వివరించారు. 1937లో ఆ పేపర్ వేరే జర్నల్‌లో ముగింపు మార్చుకుని వచ్చింది. గురుత్వ తరంగాలను 2015లో నేరుగా గుర్తించారు.

## డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్తుంది

పాత పద్ధతిలో చదివేవాళ్లు డబ్బు కడతారు. లైబ్రరీలు చందాలు చెల్లిస్తాయి, చందా లేనివాళ్లకు పేపర్ తెరుచుకోదు. ఓపెన్ యాక్సెస్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. కానీ ఖర్చు చాలాచోట్ల రచయితల మీద పడుతుంది. 2021లో ‘నేచర్’ ఈ దారి తెరిచినప్పుడు ఒక్కో పేపర్‌కు 9,500 యూరోలుగా పెట్టింది. రచయితల నుంచీ పాఠకుల నుంచీ ఏమీ తీసుకోకుండా విశ్వవిద్యాలయాలో సంఘాలో భరించే జర్నళ్లూ ఉన్నాయి, వాటిని డైమండ్ ఓపెన్ యాక్సెస్ అంటారు.

రచయిత డబ్బు కట్టే ప్రతి పేపర్‌కూ ఆదాయం వస్తుందంటే, ఎక్కువ పేపర్లు వేయాలన్న ఆశ పుడుతుంది. 2013లో ‘సైన్స్’ పత్రిక కోసం ఒక విలేకరి, కొట్టొచ్చినట్టు కనిపించే తప్పులతో ఒక నకిలీ పేపర్ తయారుచేసి 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపారు. 157 ఒప్పుకున్నాయి, 98 తిరస్కరించాయి. రివ్యూ పేరుకే ఉండి, ఫీజు మాత్రం నిజంగా వసూలు చేసే ఇలాంటివాటిని ప్రెడేటరీ జర్నళ్లు అంటారు. ఈ ఫలితాన్ని ఓపెన్ యాక్సెస్ అంతటికీ అంటగట్టడం సరికాదన్న అభ్యంతరం అప్పుడే వచ్చింది. అది న్యాయమైన అభ్యంతరమే: చందా జర్నళ్లకు ఆ పేపర్ పంపలేదు కాబట్టి రెండింటినీ పోల్చే వీలు లేదు.

పేరున్న పబ్లిషర్లకూ దెబ్బలు తగిలాయి. వైలీ సంస్థకు చెందిన హిందావీ జర్నళ్లలో 2023లో ఒక్క ఏడాదే 8,000కు పైగా పేపర్లు ఉపసంహరించారు. వాటిలో చాలావరకు ప్రత్యేక సంచికల్లో వచ్చినవి. ఆ సంచికలను చూసుకోమని బయటి అతిథి ఎడిటర్లకు అప్పగించారు. డబ్బు తీసుకుని నకిలీ పేపర్లు రాసిచ్చే ముఠాలు ఆ దారినే లోపలికి చొరబడ్డాయి. కాపలా ఉండాల్సిన చోట కంచే చేను మేసింది.

## రివ్యూకు ముందే బయటపెట్టడం, ప్రయోగానికి ముందే రివ్యూ చేయడం

ప్రిప్రింట్ అంటే జర్నల్ రివ్యూ కాకముందే అందరూ చదివేలా పెట్టిన పేపర్. భౌతికశాస్త్రవేత్తల కోసం 1991లో మొదలైన ‘ఆర్కైవ్’ (arXiv) అనే ఆన్‌లైన్ భాండారం దీనికి పునాది. గణితం, భౌతికశాస్త్రాల్లో ప్రిప్రింట్ చదవడం ఎప్పటినుంచో మామూలే. వైద్యంలో మాత్రం జాగ్రత్త ఎక్కువ కావాలి, ఎందుకంటే అక్కడ తప్పు మాట నేరుగా రోగి దాకా వెళ్తుంది. అయితే సర్జిస్ఫియర్ సంగతి గుర్తుంటే, అచ్చయిందన్న ముద్ర ఆ ప్రమాదాన్ని పూర్తిగా తప్పించదనీ తెలుస్తుంది. ప్రిప్రింట్‌తో బహిరంగంగా వందమంది చదివే అవకాశం ఉంటుంది. కానీ ఒక్కరూ చదవకపోవచ్చు. సరైన జర్నల్‌లో సాధారణంగా కనీసం ఇద్దరు చదువుతారు.

మన కునుకు పేపర్‌లోని ఆరు పరీక్షల చిక్కుకు మాత్రం ఇంకో మందు ఉంది. దాన్ని రిజిస్టర్డ్ రిపోర్ట్ అంటారు. 2013లో ‘కార్టెక్స్’ జర్నల్ దీన్ని ప్రవేశపెట్టింది. ఇందులో ప్రశ్న, పద్ధతి, ఏయే పరీక్షలు పెడతారు అన్నది ప్రయోగం మొదలుకాకముందే రాసి పంపాలి. రివ్యూయర్లు అప్పుడే చదువుతారు. మూడో బృందం కావాలన్న సలహా అప్పుడొస్తే పాటించే వీలుంటుంది. పద్ధతి బాగుంటే, ఫలితం ఎటు వచ్చినా వేస్తామని జర్నల్ ముందే సూత్రప్రాయంగా ఒప్పుకుంటుంది. ఐదు ఫలితాలు దాచిపెట్టాల్సిన అవసరమే ఉండదు. ఏం దొరుకుతుందో ముందే తెలియని అన్వేషణలకు ఈ పద్ధతి అంతగా అతకదు.

‘ఈలైఫ్’ అనే జీవశాస్త్ర జర్నల్ ఇంకో దారి పట్టింది. 2023 నుంచి రివ్యూ తర్వాత ఒప్పుకోవడం, తిరస్కరించడం అనేదే ఎత్తేసింది. రివ్యూకు పంపిన ప్రతి పేపర్‌నూ, దానిలో ఆధారం ఎంత బలంగా ఉందన్న ఎడిటర్ల అంచనాతో సహా ప్రచురిస్తుంది. ముద్ర కోసం కాకుండా విషయం కోసం చదువుతారని సమర్థించేవాళ్ల ఆశ. జల్లెడ పట్టాల్సిన పనిని పాఠకుడి మీదకు తోసేస్తున్నారని ఒప్పుకోనివాళ్ల బాధ. రంగం తెలిసిన పాఠకుడికి మొదటిది మేలు, తెలియనివాళ్లకు రెండో మాటే నిజం అని నాకనిపిస్తుంది.

## అచ్చయ్యాక కూడా ఆగని రివ్యూ

ఒప్పుకున్నాక భాష సరిదిద్దుతారు, ప్రూఫులు పంపుతారు, డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య ఇస్తారు. అక్కడి నుంచి పేపర్‌ను ప్రపంచం చదవడం మొదలవుతుంది. చిన్న తప్పు బయటపడితే సవరణ వేస్తారు. అసలు ఫలితమే నమ్మదగనిదైతే ఉపసంహరిస్తారు. నిజాయితీగా జరిగిన పొరపాటును గుర్తించి రచయితలే ముందుకొచ్చి ఉపసంహరించుకున్న సందర్భాలూ ఉన్నాయి. వాళ్లను మోసగాళ్లతో ఒకే గాటన కట్టడం అన్యాయం.

తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకు, ఆటిజానికి ముడిపెట్టిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పేపర్ 1998లో ‘ది లాన్సెట్’లో వచ్చింది. అందులో ఉన్నది 12 మంది పిల్లల వివరాలు. దాన్ని పూర్తిగా ఉపసంహరించింది 2010 ఫిబ్రవరిలో. పన్నెండేళ్లు పట్టింది. ఆ పేపర్‌ను ఇప్పటికీ తీసేయలేదు. దాని పాత చిరునామాకు వెళ్తే తెరుచుకుంటుంది, పేజీల మీద పెద్ద అక్షరాలతో ‘ఉపసంహరించారు’ అన్న ముద్రతో.